తాకవద్దన్న సాయంత్రం

గుడివాడ,
కార్తీక సోమవారం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి బుజ్జికి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

పెరట్లో ఉసిరిచెట్టు ఈ ఏడు విరగకాసింది. ఏటా నీకు పంపే పచ్చడి ఎక్కడికి పంపమంటావని మీ అమ్మని అడిగాను. ‘ఇక్కడికే పంపు’ అంది. అంతకుమించి అది చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఒక్క మాటకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

దసరాకి వచ్చినప్పుడు నువ్వు వీధి అరుగు మీద గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నావు. చూసి ముచ్చటేసింది. లేచాక నా పక్కన చేరి, మీ ఆయన మాట ఎత్తి, ‘అమ్మమ్మా, నేను పైకి వెళ్తుంటే అతను కిందికి లాగుతున్నాడు’ అన్నావు. ఆ వేళ నేను మాట్లాడలేదు. చేటలో బియ్యం ఏరుతూ ఉండిపోయాను. మాట లేక కాదు తల్లీ. సరిగ్గా ఆ మాటే యాభై ఏళ్ళ కిందట నేను మీ తాతయ్య గురించి మనసులో అనుకున్నాను. దానికి నేను చెల్లించిన మూల్యం మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నా పెళ్ళి 1968లో. నాకు పందొమ్మిదేళ్ళు. మీ తాతయ్య తాలూకా కచేరీలో గుమాస్తా. మాది ప్రేమపెళ్ళి కాదు గానీ, పెళ్ళయ్యాక ప్రేమించుకున్నాం. సాయంత్రం ఇంటికొస్తూ అరటాకులో చుట్టిన మల్లెపూలు తెచ్చేవారు. చేతికివ్వడానికి సిగ్గుపడి కిటికీలో పెట్టేసేవారు. మీ అమ్మ పుట్టిన రెండేళ్ళకి ఒక బిడ్డ దక్కకుండా పోయాడు. ఆ దుఃఖం ఇద్దరిదీ. ఆయన మాట తగ్గించారు, నేను పూజ పెంచాను. పూజలో నన్ను ఎవరూ కాదనరు. దేవుడు ఎదురు చెప్పడు, అలగడు, నా ఏడుపు చూసి తల తిప్పుకోడు. మడిబట్ట కట్టుకుంటే ఇంట్లో ఎవరూ నన్ను తాకకూడదు. అలా తాకనివ్వకపోవడాన్నే నేను పవిత్రత అనుకున్నాను. బాధ నా దాకా రాకుండా కట్టుకున్న గోడ అది. పేరు మాత్రం మడి.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. దాదాపు 10,000 మంది పోయారని తరవాత లెక్క చెప్పారు. ఇక్కడ మన పెంకులు లేచిపోయాయి, అంతే. సముద్రం పక్కన ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. మీ తాతయ్యని నాగాయలంక వైపు సహాయ పనులకి వేశారు. తొమ్మిదో రోజు సాయంత్రం తిరిగొచ్చారు. ఆ రోజూ ఇలాగే కార్తీక సోమవారం. పొద్దుటి నుంచీ ఉపవాసం ఉండి, నక్షత్రం పొడిచే వేళకి మడితో మహానైవేద్యం సిద్ధం చేస్తున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయి తల ఎత్తాను. మోకాళ్ళ దాకా ఎండిన బురద, మాసిన గడ్డం. ఒక్క అడుగు వంటింట్లోకి వేసి, నా వైపు చెయ్యి చాచారు.

‘ముట్టుకోకండి, మడిలో ఉన్నాను. నూతి దగ్గర స్నానం చేసి రండి’ అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. స్నానం చేశారు. అన్నం తిన్నారు. ఆ తరవాత ముప్ఫై రెండేళ్ళు బతికారు గానీ, ఆ తొమ్మిది రోజుల గురించి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. చాలా ఏళ్ళ తరవాత నేనే అడిగాను. ‘ఇప్పుడెందుకులే’ అన్నారు. 2009లో ఆయన పోయాక, పదకొండో రోజున ఆనాటి తోటి ఉద్యోగి ఒకాయన వచ్చి చెప్పాడు. అక్కడ బురదలోంచి ఒక పసిపిల్లను మీ తాతయ్యే తీశారట. మీ అమ్మ ఈడుదే, మీ అమ్మకి ఉన్నట్టే కాళ్ళకి వెండి మువ్వలు. ఆ రాత్రి నిద్రపోకుండా కూర్చుని, ‘ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పుకోవాలి’ అన్నారట.

చెప్పుకోవడానికే వచ్చారు. నేను నూతి దగ్గరికి పంపాను.

మా నాన్న రామాలయం అరుగు మీద భారతం చెప్పేవారు. అరణ్యపర్వంలో ఎఱ్ఱన పూర్తిచేసిన భాగంలో కౌశికుడి కథ ఉంది. చెట్టు కింద వేదం చదువుకుంటుంటే మీద రెట్ట వేసిందని ఒక కొంగని కోపంగా చూస్తాడు. అది చచ్చి పడుతుంది. అంత తపశ్శక్తి ఉన్నవాడు భిక్షకి వెళ్తే, ఒక ఇల్లాలు ఆకలితో ఇంటికొచ్చిన భర్తకి అన్నం పెట్టాకే భిక్ష తెస్తుంది. మునికి కోపం వస్తే, నేను కొంగని కాను పొమ్మంటుంది. ఎవరూ చెప్పకుండానే కొంగ సంగతి ఆమెకి తెలిసింది. మొగుడికి చాకిరీ చెయ్యమనే నీతి కోసం ఈ కథ చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు అర్థమైంది అది కాదు. అలసి ఇంటికొచ్చిన మనిషిని సరిగ్గా చూడగలగడమే ఆమె సాధన. అడవిలో తపస్సుతో అతనికి దొరకనిది ఆమెకి వంటింట్లో దొరికింది. ఈ కథ నేను నలుగురికి చెప్పినదాన్నే. నా గుమ్మంలోకి మనిషి వచ్చేసరికి నేను కౌశికుణ్ణయ్యాను.

సాధన చేస్తూనే ఎదుటి మనిషిని చూసినవారూ ఉన్నారు. రామకృష్ణ పరమహంస భార్య శారదాదేవి 1872లో తొలిసారి ఆయనున్న దక్షిణేశ్వరం వచ్చినప్పుడు దారిలోనే జ్వరం తగిలింది. రామకృష్ణులు ఆమెని తన గదిలోనే ఉంచుకుని వైద్యం చేయించి, నయమయ్యేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఆ తరవాత ఒక రాత్రి ఆమెని దేవి పీఠం మీద కూర్చోబెట్టి షోడశీ దేవిగా పూజించి, తన సాధన ఫలమంతా, జపమాలతో సహా ఆమె పాదాల దగ్గర పెట్టారు. లోకం ఆ పూజని గుర్తుపెట్టుకుంది. నేను ఆ జ్వరాన్ని గుర్తుపెట్టుకోమంటున్నాను. ముందు జ్వరం, ఆ తరవాతే పూజ.

ఈ రోజుల్లో మీ మాటలు వింటే నాకు దిగులేస్తుంది. ఎవరితో పొసగకపోయినా ‘టాక్సిక్’ అంటారు. మాట పెరిగితే ‘నా ఎనర్జీ పోతోంది’ అంటారు. ప్రశాంతతని ప్యాకేజీ కట్టి అమ్ముతున్నారు. పదిరోజులకింత, వారాంతానికింత. ఇంట్లో మనిషితో నాలుగు మాటలు ఓర్చుకోలేనివాళ్ళు విశ్వంతో ఒకటైపోయామని చెబుతుంటే నేను నమ్మలేను. ఈ అబ్బాయినే చేసుకుంటానని నువ్వు మీ నాన్నతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. చలం పుస్తకాలు నా ముందు పెట్టి, ప్రేమే దేవుడని వాదించావు. ఇప్పుడు ఆ చలమే అన్నీ వదిలి అరుణాచలం వెళ్ళాడంటున్నావు. వెళ్ళాడు, 1950లో. కానీ ఒంటరిగా కాదు, తన వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ కొండ దగ్గరున్న రమణ మహర్షి, ఇల్లు వదిలేస్తామని వచ్చిన సంసారుల్ని ఉత్సాహపరచలేదు. వదలవలసింది ‘నేను’ అనేదాన్ని అన్నారు. ఆ ‘నేను’ ధ్యానంలో నీకు కనబడదమ్మా. అక్కడ దాన్ని ఎదిరించేవాళ్ళు లేరు గనక నిద్రపోతుంది. తడి తువ్వాలు మంచం మీద పడేశాడని నువ్వు అరిచావు చూడు, అప్పుడు లేస్తుంది. దాన్ని చూపించే అద్దం నీ ఇంట్లోనే ఉంది. అద్దం కిందికి లాగుతోందని నేరం మోపకు.

పెళ్ళిలో ‘నాతిచరామి’ అనిపిస్తారు. ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటిపోనని. అందులో మోక్షం మాట లేదు. కాబట్టి ఆ దారిలో తోడు అక్కర్లేదని వయసులో ఉండగా అర్థం చెప్పుకున్నాను. ఈ వయసుకి తెలిసింది ఏమంటే, ఆ మూడింట్లో ఒక మనిషిని దాటిపోకుండా బతకగలిగితే నాలుగో దానికి వేరే ప్రమాణం అవసరం లేదు.

ఇంక చెప్పవలసింది సూటిగా చెబుతాను.

అతను నీ మీద చెయ్యి చేసుకున్నా, నిన్ను నలుగురిలో కించపరుస్తున్నా, నీ జీతం లాక్కుంటున్నా ఈ ఉత్తరం చింపేసి నాకు ఫోన్ చెయ్యి. నేనే వచ్చి నీ పక్కన నిలబడతాను. ఓర్చుకోవడం వేరు, నలిగిపోవడం వేరు. నలిగిపొమ్మని నీకు ఏ దేవుడూ చెప్పడు.

అలాంటిదేమీ లేకపోతే, శనివారం లోపల హైదరాబాదు వెళ్ళు. వెళ్ళగానే లెక్కలు తియ్యకు, తత్త్వం చెప్పకు. ధ్యానం మానవద్దు, తెల్లవారుజామున చేసుకో. అతను ఇంటికొచ్చే వేళకి మాత్రం కళ్ళు తెరిచి ఉండు. రోజుకి ఒక పూటైనా ఫోన్లు పక్కన పెట్టి కలిసి అన్నం తినండి. నీ మనసులో ఉన్నదీ దాచకుండా చెప్పు. అతనూ వినాలి, అది అతని సాధన.

ఇంకొక్కటి. అతని నాన్నగారు చనిపోయిన నెలలోనే, ముందే డబ్బు కట్టేశానని నువ్వు పదిరోజుల శిబిరానికి వెళ్ళావు. ఆ పదిరోజులూ అతను ఎలా ఉన్నాడో ఎప్పుడైనా అడిగావా? అడుగు. అతను ‘ఇప్పుడెందుకులే’ అనకముందే అడుగు. అడిగి, అతను చెప్పేదాకా లేవకుండా కూర్చో.

ఉసిరికాయ పచ్చడి నిన్ననే పార్శిల్ చేయించాను. మీ అమ్మ చెప్పిన చోటికి కాదు, హైదరాబాదులో మీ ఇద్దరి ఇంటికి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ