దల్ అంటే దరిద్రుడేనా?

మా అయ్యకి చదువు రాదు. రాత్రిళ్ళు లాంతరు దగ్గర బైబిలు చదివి వినిపించడం నా పని. ఆకివీడుకి 1880ల్లోనే కెనడా బాప్టిస్టు మిషను వచ్చింది. గుడి వెనకే బడీ వచ్చింది. మా గూడెంలో అక్షరమ్ముక్క ఆ దారినే అడుగుపెట్టింది.

ఒక రాత్రి ఆమోసు గ్రంథం చదువుతున్నాను. ఎనిమిదో అధ్యాయం. దరిద్రుల్ని వెండికీ, బీదల్ని చెప్పుల జోడుకీ కొనేవాళ్ళ మీద ప్రవక్త మండిపడే చోటు. అయ్య చేతిలో ఆరె ఆగిపోయింది.

"చెప్పుల జోడుకా? ఆ జోడు కుట్టిందెవడంట్రా?"

నా దగ్గర జవాబు లేదు. అయ్య కుట్టిన కిర్రుచెప్పులు వేసుకుని ఆసాములు ఊరంతా తిరిగేవాళ్ళు. అదే వీధిలో అయ్య తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.

కాలేజీ రోజుల్లో దళిత క్రైస్తవ వేదాంతం నా కంటపడింది. జేమ్స్ మాసీ లాంటివాళ్ళు 'దళిత' మాటకి సంస్కృత ధాతువుతో పాటు హీబ్రూ 'దల్'ని కూడా చూపించారు. ఎంత పొంగిపోయానో! మన పేరు దేవుడి పుస్తకంలోనే ఉందని మీటింగుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా.

తర్వాత అనుమానం పట్టుకుంది. హీబ్రూది సెమిటిక్ కుటుంబం, సంస్కృతానిది ఇండో-యూరోపియన్. రెండు మాటలు ఒకేలా పలికినంత మాత్రాన చుట్టరికం కలవదు. అయినా మన గౌరవానికి హీబ్రూ సాక్ష్యం దేనికి?

దల్ అంటే చిక్కిపోయినవాడు, కుంగినవాడు, బలం లేనివాడు. ఫరో కలలో వచ్చిన బక్క ఆవులకీ ఆ మాటే. తన వంశం మనష్షే గోత్రంలో అన్నిటికన్నా బలహీనమైందని గిద్యోను చెప్పుకున్నప్పుడూ ఆ మాటే. బబులోనువాళ్ళు యెరూషలేము పెద్దల్ని చెరపట్టుకుపోతూ తోటపనికీ దున్నడానికీ కొందరిని వదిలేశారు చూడండి, వాళ్ళని చెప్పేదీ ఆ ధాతువులోంచి పుట్టిన మాటే. పాలేళ్ళని చెర పట్టక్కర్లేదు కదా!

మన బైబిల్లో అది చాలాచోట్ల 'దరిద్రుడు' అయింది. మా వైపు అదొక తిట్టు. నీ రాత అలా ఉంది, నీ ఖర్మ అని అందులోనే ఉంది. 'దల్' మనిషి స్థితి చెబుతుంది గానీ ఆ స్థితికి తెచ్చినవాణ్ణి చూపించదు. 'దళిత' అలా కాదు. నలగ్గొట్టబడినవాడు అనగానే నలగ్గొట్టిందెవడు అన్న ప్రశ్న లేచి నిలబడుతుంది. ఆమోసు గొప్పతనమల్లా దల్ పక్కనే వాణ్ణి కొన్నవాణ్ణీ, వాడి తల మట్టిలో తొక్కినవాణ్ణీ నిలబెట్టడం. నిఘంటువులో ఆ కొన్నవాడు దొరకడు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చుకున్నారు. మనం ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి. బాప్తిస్మంతో కాగితం మీద కులం పోయింది. వీధి మలుపులో అయ్య చెప్పులు మాత్రం చేతిలోకి రావడం మానలేదు.

అయ్య లేడిప్పుడు. ఆయన బైబిలు నా దగ్గరుంది. ఆమోసు పేజీలో 'దరిద్రులు' కింద పెన్సిలు గీత, మార్జిన్లో అయ్య అడిగిన ప్రశ్న. సంఘంలో వాక్యం చెప్పమంటే అక్కణ్ణించే మొదలుపెడతాను. ముందు వరసలో కూర్చున్న పెద్దలు కొందరు గడియారం చూసుకుంటారు.