బడి గడప దాటించే చికిత్స

బడి వేళకు కడుపునొప్పి వచ్చి, సెలవు అనగానే తగ్గిపోయే కౌమారప్రాయుల బాధ చాలాసార్లు నటన కాదు. వైద్యపరీక్షలో వేరే జబ్బు తేలనప్పుడు, అది ఆందోళన శరీరంలో వ్యక్తమయ్యే తీరు కావచ్చు. ఇంట్లో ఉండిపోతే కలిగే తక్షణ ఉపశమనమే మర్నాటి భయాన్ని పెంచుతుంది కనుక, ఆలోచనలనూ ప్రవర్తననూ కలిపి సరిదిద్దే ప్రజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్సలో పిల్లలను మొదట గేటు వరకు, తరువాత లైబ్రరీకి, ఆపై ఇష్టమైన ఒక్క పీరియడ్‌కు పంపుతూ, భయపెట్టే స్థితిని మెల్లమెల్లగా ఎదుర్కొనడం అలవాటు చేస్తారు. కుంగుబాటు తోడైతే నిద్రవేళలను చక్కదిద్దడం, దినచర్యను నిలబెట్టడం, అవసరాన్నిబట్టి వైద్యుని పర్యవేక్షణలో మందులు వాడడం కూడా వైద్యంలో భాగమే. బడిలో వేధింపులుంటే మాత్రం ముందుగా ఆగవలసినవి అవే. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసిన తల్లిదండ్రులకు తెలుగులోనే ఉచిత సలహా లభిస్తుంది.