ఏమీ జరగని రాత్రి

రెండేళ్ళ క్రితం మా ఆఫీసులో ఒక అవార్డుకి టీమ్‌లో ఒకరి పేరు పంపమన్నారు. టీమ్ లీడ్‌ని కాబట్టి ఆ పని నా మీద పడింది. అంతకుముందు నెలలో ఒక రాత్రి మా సర్వర్లు పడిపోయాయి. ఒక కుర్రాడు రాత్రి రెండింటికి లేచి, తెల్లారేదాకా కూర్చుని వాటిని నిలబెట్టాడు. పెద్దవాళ్ళంతా ఆ కాల్‌లో ఉన్నారు, అందరూ చూశారు. పెద్దగా ఆలోచించకుండా అతని పేరు రాసి పంపేశాను. వారం తర్వాత టీ తాగుతుంటే మా టీమ్‌లోనే పనిచేసే ఒకమ్మాయి నవ్వుతూ అడిగింది: "నా సర్వీసు కూడా ఒకసారి పడిపోయుంటే నా పేరు రాసేవాడివేమో కదా?" ఆమె చూసుకునే సర్వీసు మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు. నేనూ నవ్వేశాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

ఈ మధ్య పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా లైట్‌హౌస్‌లలో పనిచేసిన ఆడవాళ్ళ గురించి చదువుతుంటే ఆ ప్రశ్న మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

మెయిన్ రాష్ట్రం తీరానికి దూరంగా, సముద్రం మధ్యలో మెటినికస్ రాక్ అని ఒక రాతిదిబ్బ ఉంది. 1856 జనవరిలో అక్కడి దీపాలు చూసుకునే శామ్యూల్ బర్జెస్ సరుకుల కోసం పడవలో ఒడ్డుకి వెళ్ళాడు. తుఫాను పట్టుకుంది, వారాల తరబడి తిరిగి రాలేకపోయాడు. దిబ్బ మీద జబ్బుతో ఉన్న భార్య, చిన్నపిల్లలు, పదహారేళ్ళ కూతురు ఆబీ మిగిలారు. అలలు ఇంటి మీదకి వచ్చేస్తుంటే ఆ పిల్ల తల్లినీ చెల్లెళ్ళనీ రాతి టవర్లోకి చేర్చింది. మళ్ళీ నీళ్ళలోకి దిగి కోళ్ళని కూడా పట్టుకొచ్చింది. అక్కడ రెండు టవర్లు, వాటిలో 28 దీపాలు. నాన్న తిరిగొచ్చేదాకా ఒక్క రాత్రి కూడా అవి వెలగకుండా లేవు.

ఈ చివరి వాక్యం రాసినంత తేలిక కాదు ఆ పని. స్విచ్ వేసి పడుకునే కాలం కాదది. తిమింగలం నూనెని మెట్ల మీదుగా పైకి మొయ్యాలి. చలికి ఆ నూనె చిక్కబడితే వెచ్చబెట్టాలి. రాత్రి మధ్యలో లేచి వత్తులు కత్తిరించాలి, లేకపోతే మసి పట్టి వెలుగు తగ్గిపోతుంది. తెల్లారాక దీపాలు ఆర్పి, చిమ్నీలు కడిగి, వెలుగుని సముద్రం మీదకి మళ్ళించే పళ్ళేలు మెరిసేలా తుడవాలి. సాయంత్రానికి మళ్ళీ మొదలు.

మరి ఆ వారాల్లో ఆబీ ఎంతమందిని కాపాడింది? చెప్పలేం. వెలుగు చూసి పక్కకి తిరిగిన ఓడ, తననెవరో కాపాడారని అనుకోదు. అందులో ఉన్నవాళ్ళు అన్నం తిని పడుకుని ఉంటారు.

లెక్క దొరికే మనిషి ఐడా లూయిస్. రోడ్ ఐలండ్‌లో న్యూపోర్ట్ దగ్గర లైమ్ రాక్ దీపం ఆమెది. పడవ వేసుకెళ్ళి 18 మందిని నీళ్ళలోంచి లాగిందని రికార్డుల్లో ఉంది. 1869లో హార్పర్స్ వీక్లీ ఆమె బొమ్మని ముఖచిత్రంగా వేసింది. 1881లో ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చింది. కానీ తండ్రికి 1857లో పక్షవాతం వచ్చినప్పటినుంచే తల్లితో కలిసి ఆ దీపం చూసింది ఆమే. ఉద్యోగం మాత్రం ముందు తండ్రి పేరు మీద, ఆయన పోయాక తల్లి పేరు మీద ఉండి, ఐడా పేరు మీదకి వచ్చేసరికి 1879 అయింది. 1911లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. పెళ్ళయి కొంతకాలం దూరంగా ఉన్న రోజులు తీసేసినా 18 వేలకి పైగా రాత్రులు. పతకం వచ్చింది ఏదో జరిగిన ఆ కొద్దిసార్లకి.

న్యూయార్క్ రేవులోని రాబిన్స్ రీఫ్‌కి కేట్ వాకర్ భర్తతో వచ్చింది. ఎటు చూసినా నీళ్ళే. నేనిక్కడ ఉండను, పెట్టెలు విప్పను అందట. భర్త పోతూ దీపం జాగ్రత్త అని చెప్పి పోయాడు. అప్పటికే ఆ పనంతా వచ్చిన ఆమెని వదిలి అధికారులు ముందు మగవాళ్ళని అడిగారు. ఆ ఒంటరితనం మాకొద్దని వాళ్ళన్నాక ఉద్యోగం ఆమెకిచ్చారు. పిల్లల్ని పడవలో బడికి దింపుతూ, పొగమంచు కమ్మి సైరన్ ఇంజను మొరాయిస్తే సుత్తితో గంట కొడుతూ 1919 దాకా అక్కడే ఉంది.

ఇలాంటివి చదివినప్పుడు మనకి వెంటనే గీత గుర్తొస్తుంది. ఫలితం మీద ఆశ లేకుండా పని చెయ్యడం అంటే ఇదే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. తర్వాత ఎక్కడో ఇబ్బందిగా అనిపించింది. ఫలితం ఆశించకపోవడం పని చేసేవాళ్ళు తమకి తాము చెప్పుకోవలసిన మాట. చేయించుకునేవాళ్ళు దాన్ని తిప్పి వాళ్ళకే చెబితే అది వేదాంతం కాదు, జీతం ఎగ్గొట్టడం. ఐడా పేరు కాగితం మీదకి రావడానికి 22 ఏళ్ళు పట్టింది. ఆమె నిష్కామంగా ఉందో లేదో ఆమె ఇష్టం. ఆ ఆలస్యం మాత్రం ఆమె గుణం కాదు, వాళ్ళ తప్పు.

అలాగని కాపాడినవాళ్ళని తక్కువ చెయ్యడానికీ లేదు. మా కుర్రాడు నిజంగానే కష్టపడ్డాడు, ఆ సర్వర్లు పడిపోవడంలో అతని తప్పేమీ లేదు. అసలు మునిగిపోతున్నవాళ్ళు ఐడాకి కనిపించడమే ఆమె రోజూ అటు చూస్తూ ఉండటం వల్ల. రెండు పనులూ ఒకే అలవాటులోంచి వచ్చాయి. ఇంకో అనుమానం కూడా ఉంది. ఏమీ జరగకపోవడం ఉత్త అదృష్టం కూడా కావచ్చుగా? సముద్రం ప్రశాంతంగా ఉన్న చోట ఎవరు కాపలా ఉన్నా ఒకటే. రెంటికీ తేడా దూరం నుంచి తెలీదు. దగ్గరికెళ్ళి వత్తులు ఎవరు కత్తిరిస్తున్నారో చూడాలి. జరిగినదాన్ని మనం వెతకక్కర్లేదు, అదే వచ్చి మన నిద్ర లేపుతుంది. జరగనిదాన్ని మాత్రం మనమే వెళ్ళి చూడాలి. నేను చెయ్యనిది అదే.

టీ దగ్గర ఆ మాట విన్న తర్వాత, ఆలస్యంగానే అయినా, ఆమె మూడేళ్ళ రికార్డులు తెరిచి చదివాను. డిస్కు నిండిపోకముందే ఖాళీ చేసింది. గడువు తీరే సర్టిఫికెట్లని నెల ముందే మార్చింది. పండగ రద్దీకి రెండు వారాల ముందు శనివారం కూర్చుని సర్వర్లు పెంచింది. అన్నీ ఒకటి రెండు లైన్ల ఎంట్రీలు. నేను ఆమె పక్క సీట్లోనే ఉండేవాణ్ణి.

తర్వాతి సారి ఆమె పేరు పంపాను. ఫారంలో "పరిష్కరించిన సమస్య" అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలో చాలాసేపు తెలీలేదు. చివరికి ఆమె జరగకుండా ఆపినవి వరసగా రాశాను. "ఇందులో సంఘటన ఏదీ లేదే?" అని ఫారం వెనక్కి వచ్చింది. మళ్ళీ అవే రాసి పంపాను. ఆ అవార్డు ఎవరికో వెళ్ళింది. కొన్నాళ్ళకి ఆమె ఉద్యోగం మారింది. ఇప్పుడా సర్వీసు నేను చూస్తున్నాను. రాత్రి పడుకునేముందు ఒకసారి తెరిచి చూస్తాను. ఇప్పటిదాకా ఏమీ జరగలేదు.