రుణాత్మకం అంటే బాకీయే

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో గడగడా అప్పజెప్పావు: కక్ష్యలో తిరిగే వస్తువు మొత్తం శక్తి రుణాత్మకమైతే దాని దారి దీర్ఘవృత్తం, సున్నా అయితే పరావలయం, ధనాత్మకమైతే అతిపరావలయం అని. ‘రుణాత్మకం అంటే ఏమిటే?’ అని అడిగితే మాత్రం నవ్వేశావు. మాటలోనే ఉంది కదమ్మా, రుణం! భూమి ఆకర్షణకు పడ్డ బాకీ అన్నమాట. అది తీరేదాకా ఎంత దూరం పోయినా వెనక్కి రావాల్సిందే.

అంగారకుడి దగ్గరికి పంపిన మంగళయాన్‌నే చూడు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచినప్పుడు దాని కక్ష్య దగ్గరి కొస నేల నుంచి సుమారు 250 కిలోమీటర్ల ఎత్తున, దూరపు కొస 23,500 ఎత్తున ఉన్నాయి. దగ్గరి కొసకు వచ్చినప్పుడల్లా ఇంజను మండించి బాకీ కొంత కొంత తీర్చారు. ఒక విడత సరిగ్గా కుదరక మర్నాడు మళ్ళీ మండించారు. నవంబరు 16 నాటికి దూరపు కొస 1,92,000 దాటింది. దగ్గరి కొసలోనే ఎందుకంటావా? అక్కడ వేగం ఎక్కువ. అదే బలం, అంతేసేపు తోసినా ఎక్కువ దూరం తోసినట్టు, అంటే ఎక్కువ పని జరిగినట్టు. ఈ కిటుకు నా చదువు రోజుల్లో ఎవరూ చెప్పలేదు, ఉక్రోషంగానే ఉంటుంది.

డిసెంబరు 1న, అర్ధరాత్రి దాటాక, భూమి బాకీ తీరిపోయి పైన కొంత మిగిలింది. దారి అతిపరావలయమైంది. అయితే పెద్ద షావుకారు సూర్యుడు ఉన్నాడుగా! ఆయన లెక్కలో అది ఇంకా బాకీదారే. అందుకే ఆయన చుట్టూ దీర్ఘవృత్తంలోనే నడిచి 2014 సెప్టెంబరు 24న అంగారకుణ్ణి చేరింది. శక్తి గుర్తు రాసేముందు ఎవరి లెక్కో రాసుకో తల్లీ.

ఇంకొకటి, నువ్వు తప్పకుండా పొరబడేది. శక్తి చెప్పేది కక్ష్య పొడవు ఒక్కటే, బొద్దుదనం కాదు. హేలీ తోకచుక్క సన్నగా సాగిన దారిలో సుమారు 76 ఏళ్ళకోసారి వస్తుంది. దాని దీర్ఘాక్షమంత వ్యాసంతో గుండ్రంగా తిరిగే తోకచుక్క ఉంటే, కిలోకు అంతే శక్తి, చుట్టుకి అవే 76 ఏళ్ళు. సన్నమో గుండ్రమో తేల్చాలంటే కోణీయ ద్రవ్యవేగం కూడా కావాలి. శక్తి ఒక్కటే ఇచ్చి ఉత్కేంద్రత, అంటే ఆ సన్నదనం కొలత, అడిగితే ప్రశ్నే తప్పని ధైర్యంగా రాయి.

ఇప్పుడు నీకో లెక్క. గాలి రాపిడికి ఉపగ్రహం శక్తి పోగొట్టుకుంటూ మెల్లగా కిందికి దిగుతోంది. వేగం పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుందని చటుక్కున అనేయకు. కాగితం మీద వేసి, ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య