శత్రువుకి ఎన్ని మెట్లు?

మావయ్య బరంపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ప్రపంచంలో ఏ సంగతి ఎత్తినా గంజాం జిల్లా మీదుగా తిప్పనిదే ఒడ్డుకి చేర్చరు. ఈసారి ఎత్తింది ఇరాకు యుద్ధం మీద వచ్చిన వీడియో గేముల సంగతి. అవి ఆడి పెరిగిన అమెరికా పిల్లాడికి ఇరాకువాడు ఎలా కనిపిస్తాడు, అవే ఆడే ఇరాకు పిల్లాడికి అమెరికావాడు ఎలా కనిపిస్తాడు అన్నది ఆయన ప్రశ్న. చిన్నప్పట్నించీ ఆ ఆటలు ఆడుతున్నవాణ్ణి కాబట్టి వాటి తరఫున వకాల్తా నేను పుచ్చుకున్నాను.

"ఆట ఆటే కదా మావయ్యా. తెరమీద తుపాకీ పేల్చినవాడు వీధిలోకెళ్ళి పేలుస్తాడా?"

"పేల్చడు. ఆ మాట నేను అన్లేదు. హింస సంగతి పక్కన పెట్టు. ఆ ఆటలో నువ్వెవరివి? అది చెప్పు ముందు."

"ఏ ఆట అన్నదాన్ని బట్టి ఉంటుంది."

"అమెరికా సైన్యమే ఒకటి చేసిందట కదా, దాంతో మొదలెట్టు."

ఆ ఆట పేరే 'అమెరికాస్ ఆర్మీ'. 2002 జులై 4న, వాళ్ళ స్వాతంత్ర్య దినాన, ఉచితంగా వదిలారు. మాంటెరీలో ఉన్న నౌకాదళ విద్యాసంస్థలో తయారైంది. కుర్రాళ్ళని సైన్యంవైపు లాగడం దాని పని, ఆ సంగతి ఎవరూ దాచలేదు. సుమారు ఇరవై ఏళ్ళు నడిచి 2022లో ఆగిపోయింది. అందులో ఒక ఏర్పాటుంది. రెండు జట్లు ఎదురెదురుగా ఆడతాయి. మా తెరమీద మేము అమెరికా సైనికులం, ఎదుటి జట్టు శత్రువులు. వాళ్ళ తెరమీద వాళ్ళు అమెరికా సైనికులు, మేము శత్రువులం. చొక్కాలు ఎవరికి కావలసినట్టు వాళ్ళకి మారిపోతాయి.

మావయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఉండు. అంటే ఆ ఆటలో శత్రువు అనేవాడు ఎవడూ లేడన్నమాట."

"ఉన్నాడు కదా, ఎదురుగా కనిపిస్తున్నాడు."

"కనిపిస్తాడు. కానీ నేను శత్రువుని అనుకుని ఆడుతున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ మంచివాళ్ళ కుర్చీలోనే కూచున్నారు. రెండో కుర్చీ అసలు వెయ్యనే లేదు."

"ఎలా వేస్తారు మావయ్యా? సైన్యం డబ్బుతో చేసిన ఆటలో అమెరికా సైనికుణ్ణి కాల్చే పాత్ర ఎవరికిస్తారు?"

"ఇవ్వరు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. ఆ ఇబ్బంది ఏం నేర్పుతుందో చూడమంటున్నాను." ఇక్కడ ఆయన ఎప్పటిలాగే గంజాం వైపు అస్కా రోడ్డు ఎక్కారు. "ప్రహ్లాద నాటక చూశావా, సరిగ్గా, తెల్లారేదాకా?"

చిన్నప్పుడు చూశాను, సగం నిద్రలో. గంజాం పల్లెల్లో ఇప్పటికీ ఆడతారు. ఒడియా నాటకమే అయినా రాగాల్లో మన కర్ణాటక బాణీ కూడా కలిసి ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయ్ పేరున పుట్టింది. ఆ జలంత్ర ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో, శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఒడియావాళ్ళు తమదని గర్వపడే నాటకం పుట్టిన ఊరు తెలుగు రాష్ట్రంలోకి పోయింది. ఆ నాటకంలో తెలుగు పాటకాళ్ళ బాణీ మటుకు ఒడిశాలో మిగిలింది.

"అందులో వేదిక ఎలా కడతారు? మెట్లు మెట్లుగా. పైన సింహాసనం. ఆ మెట్లు ఎవరివి? ప్రహ్లాదుడివా? కాదు. హిరణ్యకశిపుడివి. రాత్రంతా ఎక్కుతూ దిగుతూ పాడేది వాడే. మంచి గొంతు, మంచి ఒళ్ళు ఉన్నవాడికే ఆ వేషం. జనం వచ్చేది వాణ్ణి చూడ్డానికి. చివరికి నరసింహుడు వచ్చి చంపుతాడని పసిపిల్లాడిక్కూడా తెలుసు. తెలిసినా వాడి గోడు, వాడి కోపం, కొడుకు మీద వాడి ప్రేమ, అన్నీ తెల్లారేదాకా వింటారు. వాడు చచ్చేముందు వాడెవడో మనకి తెలుస్తుంది. మీ ఆటలో శత్రువు ఎంతసేపు ఉంటాడు?"

"రెండు సెకన్లు. మూడు."

"ఏం చేస్తాడు?"

"కనిపిస్తాడు. కాలుస్తాడు. పడిపోతాడు."

"అంతే వాడి బతుకు."

నేను ఒప్పుకోలేదు. నా వాదన ఏమిటంటే, తప్పు కుర్చీలో లేదు, బొమ్మలో ఉంది. బొమ్మ గీసేవాళ్ళకి ఆ దేశాలు తెలీవు. 2009లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ' ఆటలో కరాచీ వీధుల బోర్డులు అరబ్బీలో ఉంటాయి. బరంపురం కొట్ల మీద తమిళం రాసినట్టు. 2019లో అదే వరసలో వచ్చిన ఇంకో ఆటలో 'మృత్యు రహదారి' అని ఒకచోటు ఉంటుంది. ఆ పేరున్న రోడ్డు నిజంగా కువైట్ నుంచి బస్రా వెళ్ళేది. 1991లో వెనక్కి పోతున్న ఇరాకీ బళ్ళ మీద బాంబులు వేసింది అమెరికా కూటమి. ఆటలో మాత్రం ఆ రోడ్డు ఒక కల్పిత దేశంలో ఉంటుంది, బాంబులు వేసింది రష్యావాళ్ళు. ఇలాంటివి దిద్దితే సరిపోదా?

"దిద్దాలి. దిద్దినా ఏమవుతుందో కూడా నువ్వే చెప్పాలి. ఫలూజా ఆట ఒకటుందన్నావు?"

అన్నాను, అని నన్ను నేనే ఇరికించుకున్నాను. 2004 చివర్లో ఫలూజా పట్టణంలో జరిగిన పోరు మీద 'సిక్స్ డేస్ ఇన్ ఫలూజా' అని 2009లో ఒక ఆట ప్రకటించారు. గొడవ రేగేసరికి, ప్రచురించాల్సిన జపాను సంస్థ కొనామి అదే నెలలో తప్పుకుంది. 2021లో వేరే సంస్థవాళ్ళు దుమ్ము దులిపి బయటికి తీశారు. అమెరికాలో ముస్లింల పౌరహక్కుల సంఘం అమ్మొద్దని కోరింది. 2023 జూన్‌లో పూర్తికాని రూపంలోనే అమ్మకానికి వచ్చింది. నిజాయితీగా చెయ్యాలన్న పట్టుదల ఆట చేసినవాళ్ళకి లేదనలేను. పోరాడిన మెరీన్లని కూచోబెట్టి అడిగారు, ఇరాకీలతోనూ మాట్లాడామన్నారు. ఇంట్లో గదులు ఆడినప్పుడల్లా కొత్తగా అమరతాయి, తలుపు తోస్తే అవతల ఏముందో తెలియని భయం ఆటగాడికి పట్టాలని.

"తలుపు తోసేవాడి భయం," అన్నారు మావయ్య.

"ఇంటివాళ్ళని తప్పించి తీసుకెళ్ళే ఇరాకీ తండ్రిగా ఆడే ఘట్టం కూడా ఉంటుందన్నారు మావయ్యా."

"వచ్చిందా?"

"మొదట అమ్మకానికి పెట్టింది మెరీన్ల జట్టు ఆట."

"తండ్రి క్యూలో ఉన్నాడన్నమాట. చూడు బాబూ, గోడ మీద పగులుతో సహా నిజంగా గీశారు. పగులు ఎటునుంచి చూస్తున్నామో అది మటుకు మారలేదు."

ఆయనకి తెలియని ఇంకో సంగతి నేనే అందించాను. వకీలుగా నేను చేసిన పొరపాటు పని అది. 2004లో 'ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్' అని ఒక ఆట వచ్చింది. మొదట అమెరికా సైనికుల శిక్షణ కోసం మొదలుపెట్టి, తరవాత బజార్లో అమ్మారు. ఆ ఆటలోని ఎడారి ఊరి బొమ్మలనే తీసుకుని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 'వర్చువల్ ఇరాక్' అని ఒక చికిత్స తయారుచేశారు. యుద్ధం నుంచి వచ్చి నిద్ర పట్టని సైనికుడికి కళ్ళజోడు తగిలించి, మళ్ళీ ఆ వీధిలోకి పంపి, మెల్లిగా భయం పోగొట్టడం. మంచి పనే. కానీ లెక్క వేసుకుంటే, ఆ ఒక్క వీధే శిక్షణకి, సరదాకి, వైద్యానికి మూడింటికీ పనికొచ్చింది. ఆ వీధిలో ఉండేవాడికి మూడుసార్లలో ఒక్కసారీ వంతు రాలేదు.

"మరి అవతలివాళ్ళు ఊరుకున్నారా?" అన్నారాయన.

ఊరుకోలేదు. 2003లో అమెరికాలో 'క్వెస్ట్ ఫర్ సద్దాం' అని సద్దాం హుస్సేన్‌ని వేటాడే ఆట వచ్చింది. మూడేళ్ళకి ఒక జిహాదీ ప్రచార ముఠా దాన్నే తీసుకుని, సద్దాం ముఖాలు చెరిపి బుష్ ముఖాలు అతికించి తిరిగి వదిలింది. అవే గోడలు, అవే తుపాకులు.

మావయ్య పెద్దగా నవ్వారు. "ముఖం మారింది, కుర్చీ అదే!"

"ఆ రెంటి మీదా మూడో ఆట చేసిన మనిషి ఒకడున్నాడు." వఫా బిలాల్ గురించి చెప్పాను. ఇరాకులో పుట్టి, 1991 తరవాత దేశం విడిచి, అమెరికా చేరిన కళాకారుడు. 2004లో ఆయన తోడబుట్టినవాడు అమెరికా దాడిలో చనిపోయాడు. కొలరాడోలో గదిలో కూచుని ఇరాకు మీద బాంబులు వేయించే ఒక సైనికురాలి ఇంటర్వ్యూ టీవీలో చూశాక, 2007లో చికాగోలో ఒక గ్యాలరీ గదిలో నెల్లాళ్ళు ఉండిపోయాడు. ఎదురుగా రంగు గుళ్ళు పేల్చే తుపాకీ, దానికో కెమెరా. ప్రపంచంలో ఎవరైనా ఇంటర్నెట్‌లోంచి గురిపెట్టి ఆయన్ని కాల్చొచ్చు. వందకి పైగా దేశాల నుంచి అరవై వేలకి పైగా గుళ్ళు పేలాయి. కొందరు వంతులు వేసుకుని తుపాకీని ఆయనకి తగలకుండా పక్కకి తిప్పి పట్టుకున్నారు. మరుసటి ఏడు ఆయన ఆ జిహాదీ ఆటలో తన బొమ్మనే ఆత్మాహుతి దళంవాడిగా పెట్టి ప్రదర్శిస్తే, న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ ఊళ్ళో విశ్వవిద్యాలయం మూయించింది.

"మూయిస్తారు మరి. రెండో కుర్చీ తెచ్చి వేశాడు కదా." కాసేపు ఊరుకుని అన్నారు: "తుపాకీ పక్కకి తిప్పినవాళ్ళ సంగతి నాకు నచ్చింది. ఎందుకు తిప్పారు? కెమెరాలో మనిషి కనిపించాడు. అన్నం తినడం, పడుకోవడం కనిపించింది. మన పగటివేషగాళ్ళని చూడు. ఫకీరు వేషం కట్టి ఎగతాళే చేసేవాళ్ళు, బుడబుక్కలవాణ్ణీ ఎగతాళే. నేనేం దాన్ని పూజించమనను. కానీ ఎవరిని వెక్కిరించాడో వాళ్ళ వీధిలోకే వెళ్ళి, వాళ్ళ గుమ్మంలోనే చాట పట్టాలి. మరీ శ్రుతి మించితే బియ్యం పడవు. ఆట చేసే అమెరికావాడికి ఫలూజా గుమ్మం ఎక్కే పని లేదు."

ఇక్కడే 1936 వచ్చింది, రాక తప్పదని నాకు తెలుసు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై, బరంపురం మద్రాసు నుంచి ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. ఊరు ఎవరిదన్న తగువులో తెలుగువాళ్ళు ఒడియావాళ్ళ గురించీ, వాళ్ళు మన గురించీ అనుకోని మాట లేదంటారాయన. "అయినా పొద్దున్న లేస్తే పెద్దబజార్లో ఒకడి కొట్టుకి ఇంకోడు వెళ్ళాలి. బొమ్మ ఎంత వంకరగా గీసుకున్నా రోజూ ఎదురుగా అసలు మనిషి నిలబడి చెరిపేస్తూ ఉంటాడు. అమెరికావాడికీ ఇరాకువాడికీ ఆ కొట్టు లేదు. వాళ్ళు కలిసింది చెక్‌పోస్టు దగ్గర."

ఇప్పుడు నా దగ్గరున్న పెద్ద అస్త్రం తీశాను. పబ్‌జీ రోజుల్లో మిడిల్ ఈస్ట్ సర్వర్లో అర్ధరాత్రి ఆడుతుంటే బస్రా కుర్రాడు ఒకడు జట్టులో కలిశాడు. ఇండియా అనగానే షారుఖ్ ఖాన్ అన్నాడు. ఇద్దరికీ వచ్చీరాని ఇంగ్లీషులో మాటల్లో, 'కాల్ ఆఫ్ డ్యూటీ'లో అమెరికా సైనికుడిగా ఆడటం తనకి ఇష్టమన్నాడు. ఎందుకంటే తుపాకీ బావుంటుందట. "మీరు వాడి తరఫున బాధపడుతున్నారు. వాడికే బాధ లేదు."

"వాడి గురించి నేను బాధపడ్డానని ఎవరన్నారు? వాడికి రెండు పక్కలా తెలుసు. వీధిలో ట్యాంకు చూశాడో, వాళ్ళ నాన్న చూశాడో. తెరమీద ట్యాంకు లోపలా కూచున్నాడు. ఆట ఆటేనని నీకన్నా వాడికే బాగా తెలుసు. ఒహాయోలో పిల్లాడి సంగతి చెప్పు. వాడు బస్రా చూళ్ళేదు, చూడబోడు. పద్దెనిమిదేళ్ళు రాగానే ఓటుంది, సైన్యంలో చేరే కాగితం మీద సంతకం పెట్టే హక్కుంది. బస్రా అంటే వాడికి తెలిసింది ఆ మూడు సెకన్లే."

నేను వదల్లేదు. "మీ హిరణ్యకశిపుడికి అన్ని మెట్లు ఎందుకొచ్చాయి? రాజు కాబట్టి. వాడి ద్వారపాలకుడికి ఎన్ని పాటలున్నాయి? ఆటలో పడిపోయేవాళ్ళంతా ద్వారపాలకులు మావయ్యా. మీ నాటకం కూడా మామూలు సిపాయికి కుర్చీ వెయ్యలేదు."

ఆయన వెంటనే జవాబు చెప్పకపోవడం అరుదు. "హిరణ్యకశిపుడే ద్వారపాలకుడు కదా," అన్నారు, "వైకుంఠం గుమ్మం దగ్గర," అని ఆయనే చెయ్యి ఊపేశారు. "వద్దులే, అది పురాణం చూపించిన దయ. నువ్వన్నది నిజం. పేరులేని సిపాయి సంగతి బస్రాలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాకి వెళ్ళినవాళ్ళలో మద్రాసు సాపర్లనే సైనిక ఇంజనీర్లూ ఉన్నారు. గంజాం అప్పుడు మద్రాసే. 1929లో బస్రాలో స్మారకం కట్టారు. బ్రిటిష్‌వాళ్ళ పేర్లు చెక్కారు, మన ఆఫీసర్ల పేర్లూ చెక్కారు. మామూలు సిపాయిలకి పేర్లు లేవు, ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకె. ముప్పై వేల పైచిలుకు మంది అలా అంకెల్లో ఉన్నారు. ఇరాకు నేల మీద ఒకప్పుడు మూడు సెకన్లవాళ్ళం మనమే."

"అయితే పేర్లు పెడితే సరిపోతుందా?"

"పేరు పెట్టడం సులువు. రాత్రంతా పాడనివ్వడమే కష్టం."

"రాత్రంతా పాడే శత్రువుని పెడితే ఎవడూ కొనడు. ఒక్కో మ్యాచ్ అరగంట." అని, న్యాయంగా ఉండటానికి, ఒకటి కొన్నారని కూడా చెప్పాను. 2014లో పోలండువాళ్ళు చేసిన 'దిస్ వార్ ఆఫ్ మైన్'. సరాయెవో ముట్టడి లాంటి పట్టణంలో చిక్కుకున్న మామూలు మనుషులుగా ఆడాలి. పగలు కిటికీకి బల్లలు కొట్టుకోవడం, రాత్రి తిండికీ మందులకీ వెతుక్కోవడం. లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ దేశంలో బడి పిల్లలు చదవదగ్గ వాటి జాబితాలో 2020లో దాన్ని చేర్చారు.

"ఫోన్లో వస్తుందా?"

"వస్తుంది."

"గెలవడం అంటే ఏటి అందులో?"

"గెలవడం ఉండదు. యుద్ధం ఆగేదాకా బతికి ఉండాలి."

"బయట కాలుస్తున్నవాడిగా ఆడొచ్చా?"

"ఆడలేం. వాడి వైపు నుంచి ఏమీ కనపడదు."

"అయితే అదీ సగమేరా," అన్నారు మావయ్య. "సగానికెంతో కనుక్కో, కొందాం."