సుత్తి చెప్పే మాట

హౌరా దాటగానే వచ్చే స్టేషన్ లిలువా. అక్కడి రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెల మరమ్మతు జరుగుతుంది. పాతరోజుల్లో రైల్వేవాళ్ళు పెట్టె చక్రం పగిలిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని సుత్తితో కొట్టి చెవి ఒగ్గేవారు. ఖంగున మోగితే ‘పగిలి ఉండదు’. బొంగురుగా పలికితే ‘పగిలే ఉంటుంది’. ఎటూ తేలకపోతే ‘పగిలి ఉండొచ్చు’.

ఇంగ్లీషులో ఈ మూడు మెట్లే కాంట్, మస్ట్, మైట్. మస్ట్ అంటే ‘చేసి తీరాలి’ అనే ఆజ్ఞ ఒక్కటే కాదు, ఆధారం చూసి తేల్చిన మాట కూడా. ‘ఈపాటికి బండి వచ్చి ఉండాలి’ అంటామే, అదే అర్థం.

ఆధారం ఎంతుంటే మాట అంత గట్టిగా పలకాలి. పొరుగువారి గురించి ‘వాడే చేసుంటాడు’ అనబోయే ముందు ఒక్క క్షణం ఆగుదాం. మనం చక్రం మోత విన్నామా?