తెలియని హానికి బాధ్యత

ఒక పని వల్ల హాని కలుగుతుందని ముందుగా తెలియనప్పుడు ఆ పని చేసినవారికి దోషం అంటుతుందా అన్న ప్రశ్న నీతిశాస్త్రంలో చాలా పాతది. దానికి కొత్త తీవ్రతను తెచ్చినవి నానో పదార్థాలు, అంటే మీటరులో వంద కోట్లవ వంతైన నానోమీటరు లెక్కన సుమారు 1 నుంచి 100 వరకు పరిమాణం గల కణాలతో తయారయ్యేవి. ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని ఒక్కో నానోమీటరు ఘనాలుగా విడగొడితే, బరువు ఏమాత్రం పెరగకుండానే, 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం 6,000 చదరపు మీటర్లవుతుంది. ఘనపదార్థం పరిసరాలతో చర్య జరిపేది ఉపరితలం మీదనే కనుక, పెద్ద ముక్కగా ఉన్నప్పుడు నిరపాయమైనది సూక్ష్మరూపంలోనూ అలాగే ఉంటుందన్న హామీ లేదు. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పొడవైన కార్బన్ నానో నాళికలను ఎలుకల ఉదరకుహరంలోకి ఎక్కించగా, ఆస్‌బెస్టాస్ పోగులు కలిగించే తరహా వాపు కనిపించింది. శరీరంలో చొరబడిన వాటిని మింగివేసే భక్షక కణాలకు అంత పొడవైన పోగు మింగుడుపడదు. బ్రిటన్‌లో ఆస్‌బెస్టాస్ ధూళి కీడును కర్మాగారాల తనిఖీ అధికారిణులు 1898లోనే నమోదు చేసినా, అక్కడ తెల్ల ఆస్‌బెస్టాస్‌పై నిషేధం 1999 వరకు రాలేదన్నది ఈ సందర్భంలో మరువరాని చరిత్ర.

భారతీయ దర్శనాలలో ఈ ప్రశ్నను అత్యంత నిశితంగా పరిశీలించినది జైనం. కంటికి ఆనని ప్రాణులతో లోకమంతా నిండి ఉందని విశ్వసించే దర్శనానికి, అడుగు వేయడమే హింస అయ్యే చోట అహింస ఎలా సాధ్యమన్న చిక్కు తప్పలేదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను కేవలం ప్రాణహానిగా కాక, ప్రమత్తతతో, అంటే ఏమరుపాటుతో, కూడిన ప్రవర్తన వల్ల కలిగే ప్రాణహానిగా నిర్వచించింది. అమృతచంద్రుడు పురుషార్థసిద్ధ్యుపాయంలో ఇంకా ముందుకు వెళ్లి, జాగరూకతతో మెలగేవారి వల్ల ప్రాణి మరణించినా అది హింస కాదనీ, ఏమరుపాటుతో మెలగేవారికి ఏ ప్రాణీ చావకపోయినా హింసాదోషం తప్పదనీ ప్రతిపాదించాడు. ఫలితం తేలేదాకా ఆగకుండా, పని జరుగుతున్నప్పుడే ప్రవర్తనను తూచే ఈ కొలమానం నానో పదార్థాల విషయంలో ఎంతో విలువైనది.

తినుబండారాలకు తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్‌లో కొంత భాగం నానో కణాలే. అది జీవకణాలలోని జన్యుపదార్థాన్ని దెబ్బతీసే అవకాశాన్ని కొట్టివేయలేమనీ, అందువల్ల సురక్షితమైన రోజువారీ మోతాదును నిర్ణయించలేమనీ ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో చెప్పగా, మరుసటి ఏడాది ఐరోపా సమాఖ్య దానిని ఆహారంలో వాడరాదని నిషేధించింది; అమెరికా మాత్రం ఆహారం బరువులో ఒక శాతం వరకు ఇప్పటికీ అనుమతిస్తోంది. హాని రుజువు కాలేదన్న మాటకూ, భద్రత రుజువైందన్న మాటకూ మధ్య దూరం చిన్నది కాదు, ఆ దూరాన్ని పట్టించుకోకపోవడమే అమృతచంద్రుడు దోషమన్న ఏమరుపాటు.

జైన మునులు పాటించవలసిన అయిదు సమితులలో, అంటే జాగ్రత్త నియమాలలో, వ్యర్థాలను విడిచేటప్పటి జాగ్రత్త ఒకటి. నీటిని గుడ్డతో వడగట్టడంతో సరిపెట్టక, గుడ్డపై నిలిచిన సూక్ష్మప్రాణులను అదే నీటివనరులోకి తిరిగి చేర్చే ఆచారం గృహస్థులలోనూ ఉంది. సూక్ష్మక్రిములను అణచడానికి బట్టలకు అద్దే వెండి నానో కణాలు ఉతికినప్పుడు నీటిలో కలుస్తాయి. మురుగునీటి శుద్ధి కేంద్రంలో వాటిలో ఎక్కువ భాగం వెండి సల్ఫైడ్‌గా మారి బురదలో చేరుతుంది, అనేక దేశాలలో ఆ బురద ఎరువుగా పొలాలకు వెళుతుంది. సల్ఫైడ్ రూపంలో విషగుణం తగ్గుతుందన్నది ఊరటే అయినా, వడగట్టిన మిగులు ఎక్కడికి చేరుతోందన్న ప్రశ్న అంతటితో తీరదు.

వైద్యం సంగతి వేరు. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును కొవ్వుపొరల సూక్ష్మగోళాలలో నింపి గుండెపై దాని దుష్ప్రభావాన్ని తగ్గించిన ఔషధానికి అమెరికా 1995లోనే అనుమతినిచ్చింది. అటువంటి మందుకు భయపడి రోగిని దూరం చేయడం కూడా హానియే. రోగికి మేలు కీడులు వివరించి సమ్మతి అడగవచ్చు, కాని పొలంలోని వానపామును, వాగులోని చేపను అడిగే వీలు లేదు. గృహస్థుకు వృత్తిరీత్యా తప్పని హింసను జైనం కొంతవరకు ఉపేక్షించింది కదా అన్న ఆక్షేపణ సహేతుకమే గాని, ఆ ఉపేక్ష జీవనాధారానికి తప్పనిసరైన పనికే వర్తిస్తుంది. ప్రాణాపాయంలో ఉన్నవారికిచ్చే మందుకు అది వర్తించినంత సులువుగా మిఠాయి తెల్లదనానికీ మేజోళ్ల వాసన నివారణకూ వర్తించదు.